డెసిలు: ఫిల్ము నెగటివ్ విలువ తెలిసిన కంపెనీ

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఐ లవ్ లూసీ పాత ఎపిసోడ్ చివర డెసిలు అనే పేరు చూశారు. తర్వాత స్టార్ ట్రెక్ మొదటి సీజన్ చివర కూడా అదే పేరు కనిపించింది. ఇంట్లో మొగుడూ పెళ్లాల గొడవల కామెడీకి, అంతరిక్ష నౌక కథకి ఒకే కంపెనీ ఎలా అయింది? అంత పని చేసిన కంపెనీ 1967 తర్వాత ఎందుకు కనబడదు?

నేను ముప్పై ఏళ్లకు పైగా టీవీ ఎడిటింగ్‌లో ఉన్నాను. అందులో ఎక్కువ భాగం మల్టీ కెమెరా కార్యక్రమాలే. అందుకని డెసిలు అంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. ఏ నిర్మాణ సంస్థ గురించి తెలుసుకోవాలన్నా నేను మొదట ఒకటే చూస్తాను: షూటింగ్ అయిపోయాక ఆ నెగటివ్, అంటే కాపీలన్నిటికీ మూలమైన అసలు ఫిల్ము, ఎవరి సొంతం? డెసిలు పుట్టుకా, ఎదుగుదలా, చివరికి కనుమరుగు కావడమూ అన్నీ దాని చుట్టూనే తిరిగాయి.

లూసిల్ బాల్ 1930ల నుంచీ సినిమాల్లో ఉన్నా అగ్రతార కాలేకపోయింది. పేరు తెచ్చింది రేడియో. 1948లో సీబీఎస్ అనే ప్రసార నెట్‌వర్క్ రేడియోలో మై ఫేవరెట్ హస్బెండ్ అనే కామెడీ మొదలై బాగా నడిచింది. దాన్ని టీవీకి తేవాలని సీబీఎస్ అడిగితే, భర్త పాత్రకి తన అసలు భర్త డెసి అర్నాజ్‌నే తీసుకోవాలని ఆమె పట్టుబట్టింది. డెసి క్యూబాలోని శాంటియాగోలో పుట్టాడు. తండ్రి ఆ ఊరికి మేయరు. 1933 తిరుగుబాటులో ఆస్తంతా పోయి మయామీకి వచ్చిపడ్డారు. అక్కడి నుంచి అతను బ్యాండ్ లీడర్‌గా పైకొచ్చాడు. ఇంత యాసతో మాట్లాడే మనిషిని అమెరికన్ అమ్మాయి భర్తగా జనం ఒప్పుకోరని సీబీఎస్ వాళ్ల భయం. నిజ జీవితంలో పెళ్లయి పదేళ్లయిన జంట గురించి ఆ మాట అన్నారు! 1950లో ఇద్దరూ కలిసి ఊరూరా స్టేజి ప్రదర్శనలిచ్చారు. జనం పగలబడి నవ్వారు. ఆ ఏడాదే డెసిలు కంపెనీ పెట్టారు. డెసి, లూసిల్ పేర్లు కలిపిన పేరు అది. అంతకుముందే తమ ఇంటికి పెట్టుకున్న పేరు కూడా.

ఇక 1951. ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మిగతా కథంతా ఆ ఏడాది జరిగిన బేరంలోంచే వచ్చింది.

అప్పట్లో టీవీ కార్యక్రమాలు ఎక్కువగా న్యూయార్క్ నుంచి లైవ్‌గా వెళ్లేవి. టీవీ సెట్లు కొన్నవాళ్లలో ఎక్కువమంది తూర్పు రాష్ట్రాల్లోనే ఉన్నారు. తీరం నుంచి తీరానికి టీవీ సిగ్నల్ పంపే ఏర్పాటు 1951 సెప్టెంబర్ దాకా లేదు. లైవ్ అందని ఊళ్లకి కినెస్కోప్ పంపేవారు. అంటే మానిటర్ మీద నడుస్తున్న కార్యక్రమాన్ని ఎదురుగా ఫిల్ము కెమెరా పెట్టి తీయడం. బొమ్మ మసకగా, అలికేసినట్టు ఉండేది. ఇలా సీబీఎస్‌కి కుదిరిన కొత్త కార్యక్రమమే ఐ లవ్ లూసీ. దానికి స్పాన్సర్ ఫిలిప్ మోరిస్ సిగరెట్ కంపెనీ. తమ సరుకు ఎక్కువగా అమ్ముడుపోయే తూర్పు ప్రాంతం మంచి బొమ్మ చూడాలి, కాబట్టి మీరు న్యూయార్క్ రండి అన్నారు. లూసిల్ అప్పుడు గర్భవతి. ఇల్లూ, స్నేహితులూ హాలీవుడ్‌లోనే. రామన్నారు.

ఫిల్ము మీద తీస్తామన్నారు. సినిమాకి వాడే 35 ఎంఎం ఫిల్ము. అదైతే దేశంలో ఏ మూలైనా ఒకేలా కనిపిస్తుంది. పైగా లూసిల్‌కి ఎదురుగా జనం లేకపోతే కామెడీ పండదు కాబట్టి ప్రేక్షకులు కూడా కావాలి. దీనికి ఖర్చు ఎక్కువ. ఆ అదనపు ఖర్చు మేం భరించం అన్నారు నెట్‌వర్కూ, స్పాన్సరూ. అప్పుడు డెసి ఒక మాట పెట్టాడు: మా జీతంలో వారానికి 1,000 డాలర్లు తగ్గించుకుంటాం, బదులుగా ఫిల్ము హక్కు మా కంపెనీకి ఇవ్వండి. వాళ్లు వెంటనే సరే అన్నారు. వాళ్లని తప్పుపట్టలేం. ఒకసారి ప్రసారమైపోయిన కార్యక్రమాన్ని మళ్లీ ఎవరు చూస్తారని ఆ రోజుల్లో అందరూ అనుకునేవారు. నిన్నటి పేపరుకి ఉన్న విలువే దానికీ ఉండేది.

ఇప్పుడు నా వృత్తికి దగ్గరి సంగతి. మూడు ఫిల్ము కెమెరాలను ప్రేక్షకుల ముందు ఒకేసారి నడపడం డెసి కనిపెట్టాడని చాలాచోట్ల రాస్తారు. అది సరికాదు. అంతకుముందే ఒకటిరెండు కార్యక్రమాలు అలా తీశారు. ఆ అనుభవం ఉన్న అల్ సైమన్‌ను డెసిలు పనిలోకి తీసుకుంది కూడా. డెసిలు చేసింది వేరు. నాటకంలా ఆగకుండా నడిచే కామెడీని, సినిమా స్థాయి బొమ్మతో, వారం వారం తప్పకుండా తీయగలిగే పద్ధతిగా దాన్ని స్థిరపరిచింది. నా దృష్టిలో ఇది కనిపెట్టడం కంటే కష్టమైన పని.

దానికి కావలసిన మనిషి కార్ల్ ఫ్రూండ్. జర్మనీలో మెట్రోపోలిస్‌కి, హాలీవుడ్‌లో డ్రాక్యులాకి కెమెరా పని చేసినవాడు. ది గుడ్ ఎర్త్‌కి ఆస్కార్ కూడా అందుకున్నాడు. సినిమాలో ఒక్కో షాటుకి ఒక్కోలా లైటింగ్ మార్చుకుంటారు. ఇక్కడ మూడు కెమెరాలు ఒకేసారి తిరుగుతున్నాయి, ఒకటి దూరం నుంచి, రెండు దగ్గర నుంచి. ఒకదానికి బాగున్న లైటు ఇంకోదానికి నీడ వేస్తుంది. నేల మీద లైటు స్టాండు పెడితే కెమెరా తిరగదు, ప్రేక్షకులకి అడ్డం. ఫ్రూండ్ లైట్లన్నీ పైకి ఎక్కించి, ఎటు నుంచి తీసినా సమంగా ఉండేలా వెలుతురు పరిచాడు. సెట్లకి బూడిద రంగులోనే రకరకాల ఛాయలు వేయించాడు, టీవీ తెర మీద నలుపు తెలుపులు మరీ కొట్టొచ్చినట్టు పడకుండా. ఇవాళ్టికీ ప్రేక్షకుల ముందు తీసే కామెడీలకి లైటింగ్ పైనుంచే వస్తుంది.

ఎడిటర్ డాన్ కాన్ సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తాను. మూడు కెమెరాల ఫిల్ము వచ్చి పడితే మామూలు మూవియోలా (ఫిల్మును చిన్న తెర మీద చూస్తూ ఎడిట్ చేసే యంత్రం) మీద ఒక్కోటి చూసుకుంటూ కూర్చుంటే వారంలో ఎపిసోడ్ తేలదు. మూడు బొమ్మలూ ఒకేసారి సింక్‌లో నడిచే మూవియోలా చేయించారు. యూనిట్‌లో దాన్ని రాక్షసి అని పిలుచుకునేవారు. మూడు బొమ్మలను పక్కపక్కన పెట్టుకుని ఎక్కడ నవ్వుంది, ఎక్కడ చూపుంది అని ఎంచుకోవడం నేను కెరీర్ అంతా చేసిన పని. నా ముందున్నది కంప్యూటరు, ఆయన ముందున్నది ఇనుప యంత్రం, అంతే తేడా. ఐ లవ్ లూసీలో లూసిల్ ఏదో చేస్తున్నప్పుడు పక్కింటి స్నేహితురాలు ఎథెల్‌గా వేసిన వివియన్ వాన్స్ ముఖానికి కట్ ఎప్పుడు పడుతుందో గమనించండి. నవ్వు తగ్గడం మొదలయ్యే క్షణానికి కాస్త ముందు పడుతుంది. అప్పుడు నవ్వు మళ్లీ లేస్తుంది. నేను ఆ టైమింగ్ వాళ్ల దగ్గరే నేర్చుకున్నాను.

మొదటి ఎపిసోడ్ షూటింగ్ 1951 సెప్టెంబర్ 8న. ప్రసారం మొదలైంది అక్టోబర్ 15న. 1957 మే వరకు ఆరు సీజన్లు, 180 ఎపిసోడ్లు. అందులో నాలుగు సీజన్లు అమెరికాలో నంబర్ వన్. రచన వైపు జెస్ ఓపెన్‌హైమర్, మాడెలిన్ ప్యూ, బాబ్ క్యారల్ జూనియర్ లేకపోతే ఇదంతా లేదు. లూసిల్ రెండోసారి గర్భవతి అయినప్పుడు దాన్ని కథలో పెట్టేశారు. గర్భవతి అన్న ఇంగ్లిష్ మాటని నెట్‌వర్క్ ఒప్పుకోలేదు, చుట్టుతిప్పి వేరే మాట వాడారు. స్క్రిప్టులను ఒక కాథలిక్ ఫాదరు, ఒక ప్రొటెస్టెంట్ పాస్టరు, ఒక యూదు మతగురువు చదివి సరేనన్నాక తీశారు. కథలో బిడ్డ పుట్టిన ఎపిసోడ్ 1953 జనవరి 19న వచ్చింది. అదే రోజు నిజంగానే ఆమెకి కొడుకు పుట్టాడు. దాదాపు 4 కోట్ల 40 లక్షల మంది చూశారు. మర్నాడు అధ్యక్షుడిగా ఐసెన్‌హోవర్ ప్రమాణ స్వీకారం చూసినవాళ్లు అంతకంటే తక్కువ.

ఆ కాన్పు సమయంలో ఒక మామూలు ఇబ్బంది వచ్చింది. ఆమె షూటింగ్‌కి రాలేదు, కొత్త ఎపిసోడ్లు సరిపడా లేవు. పాతవి మళ్లీ వేశారు. జనం మళ్లీ చూశారు! బొమ్మ మొదటిసారి ఎంత శుభ్రంగా ఉందో రెండోసారీ అంతే శుభ్రంగా ఉంది. పునఃప్రసారం అనే వ్యాపారానికి దారి అక్కడ తెరుచుకుంది. 1,000 డాలర్లు వదులుకుని తెచ్చుకున్న హక్కు అసలు విలువ అప్పుడు అందరికీ అర్థమైంది.

ఒక్క ఎపిసోడ్ మాత్రం ఫిల్ము మీద తీయలేదు. 1951 మార్చిలో చేసిన పైలట్, అంటే నమూనా ఎపిసోడ్ అది, కినెస్కోప్ మీదే ఉంది. అది దాదాపు నలభై ఏళ్లు ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు. ఆ పైలట్‌లో నటించిన పెపిటో అనే క్లౌన్‌కి డెసి ఒక కాపీ కానుకగా ఇచ్చాడట. అది ఆయన కుటుంబం దగ్గర దొరికింది కాబట్టి 1990లో సీబీఎస్‌లో జనం చూడగలిగారు.

ఇది చదివినప్పుడల్లా నాకు సొంత బాధ ఒకటి గుర్తొస్తుంది. నేను రెండేళ్లు ఎడిట్ చేసిన ఒక వారపు కార్యక్రమం టేపులను, టేపు ఖరీదని చెప్పి, చెరిపేసి వేరే షూటింగులకి వాడేశారు. కొన్నేళ్లకి అందులో పాల్గొన్న ఒక పెద్దావిడ పిల్లలు ఫోన్ చేసి, అమ్మ పోయింది, ఆమె గొంతు ఉన్న ఎపిసోడ్ ఇస్తారా అని అడిగారు. నా దగ్గర ఒక్క నిమిషం ఫుటేజీ కూడా లేదు. అప్పటి నుంచి నేను ఎక్కడ పని చేసినా మాస్టర్ కాపీ భద్రపరిచే సంగతి ముందే మాట్లాడుకుంటాను.

మళ్లీ డెసిలుకి వస్తాను. 1957 నాటికి డెసి పెద్ద ఎత్తు వేశాడు. ఐ లవ్ లూసీ ఎపిసోడ్ల హక్కులను సీబీఎస్‌కే అమ్మి, ఆ డబ్బు అండతో ఆర్కేఓ అనే పాత సినిమా కంపెనీ స్టూడియోను 60 లక్షల డాలర్ల పైచిలుకుకి కొన్నాడు. హాలీవుడ్‌లో గోవర్ స్ట్రీట్ మీద ఉన్న స్టూడియో, కల్వర్ సిటీలో ఇంకొకటి, దాని దగ్గరే 40 ఎకర్స్ అని పిలిచే ఆరుబయట సెట్ల స్థలం. గాన్ విత్ ద విండ్‌లో టారా భవంతి సెట్ వేసింది అక్కడే. లూసిల్ ఒకప్పుడు ఆర్కేఓలో నెలజీతం మీద పనిచేసిన నటి. డెసినీ ఆమెనీ కలిపింది 1940లో ఆర్కేఓలో తీసిన సినిమానే. ఇప్పుడు ఆ గేటుకి వాళ్లిద్దరే యజమానులు.

నెగటివ్ అమ్మడం తప్పా? చాలామంది తప్పే అంటారు, ఎందుకంటే ఆ 180 ఎపిసోడ్లు ఆ తర్వాత సీబీఎస్‌కి తరాల తరబడి డబ్బు కురిపించాయి. నేను అలా అనుకోను. డెసి ఆ డబ్బుని తినేయలేదు, ఫ్లోర్లు, అంటే షూటింగ్ చేసే పెద్ద షెడ్లు కొన్నాడు. సొంత ఫ్లోర్లు లేని నిర్మాణ సంస్థ ఎంత హిట్ ఇచ్చినా ఒక్క చెడ్డ ఏడాదికి కూలిపోతుంది. ఫ్లోర్లు ఉంటే అద్దె వస్తుంది, మనుషులకి పని ఉంటుంది, యూనిట్ చెదిరిపోదు.

ఈ అద్దె సంగతి తెలియకే డెసిలు జాబితాలు తప్పుల తడకగా ఉంటాయి. కంపెనీ పేరుతో తిరిగే కార్యక్రమాల్లో కొన్నే వాళ్ల సొంతం. ఆండీ గ్రిఫిత్ షో, డిక్ వాన్ డైక్ షో, ఐ స్పై లాంటివి వేరేవాళ్ల నిర్మాణాలు. డెసిలు ఇచ్చింది ఫ్లోరు, పరికరాలు, మనుషులు. అవర్ మిస్ బ్రూక్స్, డిసెంబర్ బ్రైడ్ లాంటివి నెట్‌వర్కుతో కలిసి చేసినవి. ఒక పేరు కనిపించగానే అది డెసిలుదే అనుకోకండి, ఎపిసోడ్ చివర పేర్లు వేసే కార్డు పూర్తిగా చదవండి.

వాళ్లు పూనుకుని చేసినవాటిలో నాకు ముఖ్యమనిపించేవి రెండు. ఒకటి 1958లో మొదలైన వెస్టింగ్‌హౌస్ డెసిలు ప్లేహౌస్. వారానికొక కొత్త కథ. రాడ్ సెర్లింగ్ రాసిన ది టైమ్ ఎలిమెంట్ 1958 నవంబర్‌లో అందులోనే వచ్చింది, దానికి వచ్చిన స్పందన చూసే సీబీఎస్ ఆయన ది ట్వైలైట్ జోన్‌కి తలూపింది. రెండోది గ్యాంగ్‌స్టర్లను వెంటాడే పోలీసుల కథ ది అన్‌టచబుల్స్, ఏబీసీ నెట్‌వర్క్‌లో 1959 నుంచి 1963 వరకు. అదీ ప్లేహౌస్‌లో రెండు భాగాల కథగా పుట్టిందే. రాబర్ట్ స్టాక్ నాయకుడు. హింస ఎక్కువైందనీ, నేరస్తులందరికీ ఇటాలియన్ పేర్లే పెడుతున్నారనీ గట్టి నిరసనలు వచ్చాయి. ఆ రెండో మాటలో న్యాయం ఉందని నేను అనుకుంటాను. షికాగో గ్యాంగ్‌స్టర్ అల్ కాపోన్ కుటుంబం కోర్టుకి వెళ్లి ఓడిపోయింది. విచిత్రమేమంటే కాపోన్ కొడుకు డెసికి మయామీలో బడి స్నేహితుడు.

పని ఒత్తిడి, డెసి తాగుడు కలిసి ఆ ఇంటిని కూల్చాయి. 1960లో విడాకులు. 1962లో డెసి వాటా లూసిల్ కొనేసి కంపెనీకి తనే అధ్యక్షురాలైంది. అమెరికాలో పెద్ద టీవీ స్టూడియోని నడిపిన మొదటి మహిళ ఆమె. పొద్దున ది లూసీ షో రిహార్సల్, ఆ తర్వాత బడ్జెట్ కాగితాలు. ఆమెకి ఆ కుర్చీ ఇష్టం లేదని తనే చెప్పుకుంది. అయినా అందులో కూర్చుని తీసుకున్న నిర్ణయాలు మామూలువి కావు.

1964 నాటికి డెసిలు సొంత కార్యక్రమం అంటే దాదాపు ది లూసీ షో ఒక్కటే. కొత్తవి కావాలి. హెర్బ్ సోలో అనే యువ ఎగ్జిక్యూటివ్ ఇద్దరు రచయితలను పట్టుకొచ్చాడు: స్టార్ ట్రెక్‌తో జీన్ రాడెన్‌బెరీ, మిషన్ ఇంపాజిబుల్‌తో బ్రూస్ గెల్లర్. స్టార్ ట్రెక్ మొదటి పైలట్‌కి 6 లక్షల డాలర్ల పైగా ఖర్చయింది, ఎన్‌బీసీ నెట్‌వర్క్ వద్దంది. సాధారణంగా అక్కడితో కథ అయిపోతుంది. కానీ ఎన్‌బీసీ రెండో పైలట్ అడిగింది, డెసిలు తీసింది. ఇవి చాలా ఖరీదైన వ్యవహారాలు, కంపెనీ మునుగుతుందని బోర్డులో పెద్దలు హెచ్చరించినా, లూసిల్ ముందుకే వెళ్లమంది. రెండూ 1966 సెప్టెంబర్‌లో మొదలయ్యాయి. స్టార్ ట్రెక్ ప్రసారమైంది 8వ తేదీన. ఐ లవ్ లూసీ మొదటి షూటింగ్‌కి సరిగ్గా పదిహేనేళ్లు నిండిన రోజది. మరుసటి ఏడాది మానిక్స్ అనే కార్యక్రమం కూడా వచ్చింది.

బోర్డు చెప్పిన లెక్క తప్పేం కాదు. నెట్‌వర్క్ ఒక ఎపిసోడుకి ఇచ్చేది అయ్యే ఖర్చు కంటే తక్కువ. మిగతాది కంపెనీ పెట్టుకోవాలి. ఎపిసోడ్లు పోగయ్యాక పునఃప్రసారాల్లో ఆ నష్టం తీరి లాభం వస్తుంది. అంటే నాలుగైదేళ్లు ఓపిక పట్టగల జేబు కావాలి. ఒకే సమయంలో రెండు భారీ కార్యక్రమాలకి వారం వారం నష్టం భరించే జేబు డెసిలుకి లేదు. 1967లో లూసిల్ కంపెనీని గల్ఫ్ ప్లస్ వెస్టర్న్ అనే పెద్ద వ్యాపార సంస్థకి 1 కోటి 70 లక్షల డాలర్లకు అమ్మింది. వాళ్లు అంతకుముందు ఏడాదే పారమౌంట్ సినిమా స్టూడియోని కొన్నారు. గోవర్ స్ట్రీట్ స్టూడియో పారమౌంట్‌కి గోడ పక్కనే ఉండేది. మధ్యలో గోడ తీసేశారు. డెసిలు పేరు పోయి పారమౌంట్ టెలివిజన్ అయింది. స్టార్ ట్రెక్ రెండో సీజన్ మధ్య నుంచి చివరి కార్డు మారడం మీరు చూడొచ్చు. పాత ఆర్కేఓ గ్లోబు బొమ్మ మాత్రం గోవర్, మెల్‌రోజ్ వీధులు కలిసే మూలన ఆ స్టూడియో కప్పు మీద ఇప్పటికీ ఉంది.

స్టార్ ట్రెక్ మూడు సీజన్లు, 79 ఎపిసోడ్లతో ఆగిపోయింది. 1970లలో పునఃప్రసారాల్లోనే అది జనానికి పట్టింది, 1979లో సినిమా అయింది, ఆ తర్వాత సంగతి మీకు తెలుసు. ఆ లాభం చూసింది నెగటివ్ చేతిలో ఉన్న పారమౌంట్. లూసిల్ తొందరపడిందని అంటే మాత్రం నేను ఒప్పుకోను. ఇంకో రెండేళ్లు లాగి ఉంటే అప్పులే మిగిలేవేమో. ఆమె వెంటనే సొంతంగా చిన్న కంపెనీ పెట్టుకుని 1968 నుంచి 1974 దాకా హియర్స్ లూసీ తీసింది. ఈసారి హక్కులు తన దగ్గరే ఉంచుకుంది.

మొదలుపెట్టడానికి ఏం చూడాలని అడిగితే, ఐ లవ్ లూసీ మొదటి సీజన్, తర్వాత ది టైమ్ ఎలిమెంట్, ఆ తర్వాత స్టార్ ట్రెక్ మొదటి సీజన్ చివర్లో వచ్చే ది సిటీ ఆన్ ద ఎడ్జ్ ఆఫ్ ఫరెవర్. ఆ చివరి దాంట్లో కెప్టెన్ కర్క్ 1930ల న్యూయార్క్ వీధిలో ఎడిత్ అనే అమ్మాయితో నడుస్తూ వెళ్తాడు. వెనక కిటికీ మీద ఫ్లాయిడ్స్ బార్బర్ షాప్ అన్న అక్షరాలు కనిపిస్తాయి. అది ఆండీ గ్రిఫిత్ షోలోని మంగలి దుకాణం. 40 ఎకర్స్‌లో వేసిన ఒకే వీధి అది.